పంటిలో ఫైలు: ఒక చిన్న పనిముట్టు, పెద్ద చరిత్ర



ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు నాకు మొదట ఏమీ తోచలేదు. రాజుల గురించి, కోటల గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ట్రెజరీలో బిల్లులు చూసుకుంటూ రిటైరైన గుమాస్తాను. అయితే రెండేళ్ళుగా నా కింది దవడలో ఒక చరిత్ర ముక్క ఉంది. మాట వరసకు అనడం లేదు, నిజంగానే ఉంది. సుమారు మూడు మిల్లీమీటర్ల లోహపు ముక్క. అది ఎక్కడ పుట్టింది, నా నోటిదాకా ఎలా వచ్చింది అని తెలుసుకోబోయి చదివిన సంగతులే ఈ వ్యాసం.

జరిగింది ఇదీ. రెండేళ్ళ క్రితం ఎడమవైపు కింది దవడ పన్ను నన్ను నాలుగు రాత్రులు నిద్రపోనివ్వలేదు. మా అమ్మాయి పట్టుబట్టి పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళింది. “పీకేయమ్మా, డెబ్భై దాటినవాడికి ఒక పన్ను ఉంటే ఎంత, పోతే ఎంత” అన్నాను. ఆ డాక్టరమ్మ చిన్నపిల్ల, మా పెద్ద మనవరాలి కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. “వేరు గట్టిగా ఉంది అంకుల్. నిలబడే పన్నును ఎందుకు తీయడం? రూట్ కెనాల్ చేద్దాం” అంది. రెండోసారి వెళ్ళినప్పుడు పని చేస్తూ చేస్తూ ఆమె చెయ్యి ఆగింది. ఎక్స్‌రే తీసింది. కుర్చీ నిటారుగా లేపి, నా ఎదురుగా కూర్చుని, “అంకుల్, మీకు ఒక మాట చెప్పాలి. ఫైలు కొస విరిగి లోపల ఉండిపోయింది” అంది.

సర్వీసంతా ఫైళ్ళ మధ్య గడిపినవాణ్ణి. ఫైలు కనపడకుండా పోవడం విన్నాను, చెదలు తినడం చూశాను. ఫైలు విరగడం మాత్రం అదే మొదటిసారి వినడం!

ఇంటికి వచ్చాక మా అబ్బాయి ఫోనులో మండిపడ్డాడు. లాయరు నోటీసు ఇద్దామన్నాడు. నాకూ కోపం రాలేదని చెప్పను. కోపం కంటే భయం ఎక్కువ వేసింది. మర్నాడు ఒక్కణ్ణే వెళ్ళి, “ఎందుకు విరిగిందమ్మా?” అని అడిగాను. ఆ అమ్మాయి విసుక్కోకుండా అరగంట కూర్చుని చెప్పింది. వాడకం తీరిపోయి పారవేయవలసిన వాటిలోంచి రెండు ఫైళ్ళు శుద్ధి చేయించి, కవరులో పెట్టి ఇచ్చింది. “ఇది స్టీలు, అది నికెల్ టైటానియం. ఇంటికెళ్ళి రెండూ వంచి చూడండి” అంది. భూతద్దం పెట్టుకుని చూశాను. స్టీలుది వంచితే వంగి అలాగే ఉండిపోయింది. రెండోది ఎంత వంచినా వదలగానే తిన్నగా అయిపోయింది. ఆ తేడాలోనే సుమారు నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉందని తర్వాత తెలిసింది.

పంటి పురుగు కథ

మన చిన్నతనంలో పన్ను పుచ్చితే “పురుగు పట్టింది” అనేవారు. వాకుడు గింజల పొగ పట్టించి, పురుగులు రాలాయని చూపించేవారు ఊళ్ళ వెంట తిరిగేవారు. ఇది మన ఒక్కరి నమ్మకమే కాదు. ప్రాచీన బాబిలోనియా వారి మట్టి పలకల మీదా పంటి పురుగు ప్రస్తావన ఉంది. మన సుశ్రుతుడు కూడా కృమిదంతకం అనే పంటి రోగాన్ని వర్ణించాడు. ఆయన చెప్పిన శస్త్రాలలో దంతశంకు, ఏషణి ఉన్నాయి. మొదటిది పంటి గార గీకేది, రెండోది గాయం లోతు చూసే సలాక. పంటి వేరులోకి దిగే పనిముట్టు మాత్రం అప్పటికి లేదు. యూరప్‌లోనూ ఒక మొక్క గింజల పొగ పట్టించి, వేడికి గింజల్లోంచి బయటపడిన మొలకలనే పురుగులని చూపించేవారట. మనవాళ్ళ విద్యకూ వాళ్ళ విద్యకూ ఎంత పోలిక!

పారిస్‌కు చెందిన పియరీ ఫొషార్ 1728లో దంతవైద్యం మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. పుచ్చిన పళ్ళను సూక్ష్మదర్శినితో చూశాననీ, పురుగులేవీ కనపడలేదనీ అందులో వ్రాశాడు. నొప్పి పెట్టే పంటిని సూదితో లోపలిదాకా తెరిచి చీము పోనివ్వడం గురించి కూడా చెప్పాడు. పంటి లోపల గది ఉంది, అందులో గుజ్జు ఉంది, దాన్ని తీయవచ్చు అన్న ఆలోచన అలా బలపడింది. కాని తీయడానికి తగిన పనిముట్టు ఏది?

గడియారపు స్ప్రింగు

పంటి వేరు లోపలి దారి ఎలాంటిదో ముందు చెప్పాలి. పైన పింగాణీ పొర, దాని కింద ఎముకలాంటి గట్టి పదార్థం, నడుమ మెత్తని గుజ్జు. ఆ గుజ్జులోనే రక్తనాళాలు, నరాలు ఉంటాయి. అవి వేరు కొస నుంచి సన్నని దారిగుండా లోపలికి వస్తాయి. దవడ పంటికి అలాంటి దారులు మూడో నాలుగో ఉంటాయి. చాలావరకు వంకరగా ఉంటాయి. గుజ్జు కుళ్ళితే ఆ దారంతా శుభ్రం చేసి, మళ్ళీ క్రిములు చేరకుండా మూసివేయాలి. రూట్ కెనాల్ అంటే ఇంతే.

ఇందుకు మొదటి పనిముట్టు చేసినవాడిగా చరిత్రలో పేరున్నవాడు అమెరికాలోని వాషింగ్టన్ నగరపు దంతవైద్యుడు ఎడ్వర్డ్ మేనార్డ్. 1838లో ఆయన గడియారపు స్ప్రింగును అరగదీసి, సన్నని ముళ్ళ సూదిలా చేసి, పంటి గుజ్జు లాగడానికి వాడాడు. గడియారపు స్ప్రింగే ఎందుకంటే, అంత సన్నగా ఉండి వంగి కూడా విరగని ఉక్కు ఆ రోజుల్లో తేలిగ్గా దొరికేది అదే. విచిత్రమేమంటే ఈ మేనార్డే తుపాకులకు కొత్తరకం పేలుడు అమరిక కనిపెట్టి 1845లో పేటెంటు పొందాడు. ఆయన పేరుతో ఉన్న తుపాకి అమెరికా అంతర్యుద్ధంలో వాడారు. ఒకే చెయ్యి ప్రాణం తీసేదీ చేసింది, పన్ను నిలిపేదీ చేసింది.

ఆ తర్వాత చాలాకాలం దంతవైద్యులు ఎవరి సూదులు వారే తయారు చేసుకునేవారు. క్రమంగా ఆ పని కంపెనీల చేతికి వచ్చింది. స్విట్జర్లాండులో గడియారాల తయారీకి పేరుపడ్డ జూరా కొండల ప్రాంతంలో 1889లో మొదలైన మాయిఫెర్ కంపెనీ, అమెరికాలో డెట్రాయిట్ నగరంలో 1891లో మొదలైన కెర్ కంపెనీ ఇందులో ముఖ్యమైనవి. ఈనాటికీ డాక్టర్లు “కె ఫైలు” అంటారు. ఆ “కె” కెర్ పేరులోని మొదటి అక్షరమే.

చెట్టు పాలు, రబ్బరు గుడ్డ

శుభ్రం చేసిన దారిని దేనితో మూయాలి? బంగారపు రేకు దగ్గర నుంచి చాలా వాడి చూశారు. చివరకు నిలిచింది గట్టాపర్చా. ఇది మలయా ప్రాంతపు చెట్ల నుంచి కారే పాలు. వేడి తగిలితే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, ఒంటికి పడకపోవడం అరుదు. టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసిన మిత్రులకు ఈ పేరు కొత్త కాదు. 1851లో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సముద్రంలో వేసిన కేబులుకు తొడుగు ఇదే. 1870లో బొంబాయిని సముద్రమార్గాన సూయజ్ వైపు కలిపిన తంతి కూడా దీన్ని చుట్టుకునే వచ్చింది. 1867లో బౌమన్ అనే అమెరికన్ డాక్టరు పంటి వేరు నింపడానికి ఈ పదార్థాన్నే వాడాడు. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిపోయింది. గట్టాపర్చా మాత్రం మనలాంటి వాళ్ళ పళ్ళలో ఇంకా డ్యూటీలోనే ఉంది.

అంతకు మూడేళ్ళ ముందు, 1864లో, న్యూయార్క్ డాక్టరు బార్నమ్ పల్చని రబ్బరు గుడ్డకు రంధ్రం చేసి పంటి చుట్టూ తొడిగాడు. ఉమ్మి పంటిలోకి పోకుండా, జారిన పనిముట్టు గొంతులోకి పోకుండా కాపాడేది ఈ గుడ్డే. మీ డాక్టరు ఇది వేస్తే ఊపిరాడదేమోనని కంగారుపడకండి. అది మన మేలుకే.

ఎక్స్‌రే, ఒక త్యాగం

లోపలికి దిగే సూది వేరు కొసదాకా వెళ్ళిందా, దాటిపోయిందా? ఎక్స్‌రే రాకముందు ఇది చేతిస్పర్శను బట్టి ఊహించవలసిందే. 1895 నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలు కనిపెట్టాడు. కొద్దికాలానికే జర్మనీలో వాల్కోఫ్ తన పళ్ళకే ఫోటో తీయించుకున్నాడు. అందుకు 25 నిమిషాలు కదలకుండా ఉండవలసి వచ్చింది. న్యూ ఆర్లియన్స్ డాక్టరు ఎడ్మండ్ కెల్స్ 1899లో పంటి దారి పొడవు చూడటానికి ఎక్స్‌రే వాడాడు. ఆ కిరణాల హాని అప్పటికి తెలియదు. ఫిల్మును తన చేత్తోనే పట్టుకునేవాడు. వేళ్ళు, చెయ్యి క్రమక్రమంగా తీసివేయవలసి వచ్చింది. ఆ బాధతో 1928లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఈ రోజు మనకు క్షణంలో అయిపోయే ఎక్స్‌రే వెనుక ఇలాంటి వారి చేతులున్నాయి.

ఈలోగా ఒక ఎదురుదెబ్బ తగిలింది. 1910లో విలియం హంటర్ అనే లండన్ వైద్యుడు మాంట్రియల్‌లో ఉపన్యసిస్తూ, చచ్చిన పంటి మీద బంగారపు తొడుగులు వేసి కింద చీము దాచుతున్నారని ఘాటుగా విమర్శించాడు. ఒళ్ళంతటి రోగాలకూ పళ్ళే మూలమన్న వాదం బలపడింది. దశాబ్దాలపాటు లక్షణమైన పళ్ళు కూడా పీకిపారేశారు. హంటర్ చెప్పినదాంట్లో కొంత నిజం లేకపోలేదు. శుభ్రం లేని పని అప్పుడు చాలా జరిగేది. దానికి మందు పీకివేయడం కాదు, శుభ్రంగా చేయడం. మొదటి ప్రపంచయుద్ధంలో 1915 ప్రాంతంలో డేకిన్ అనే రసాయనవేత్త గాయాలు కడగడానికి వాడిన హైపోక్లోరైట్ ద్రావణం తర్వాత పంటి వేరు కడగడానికీ వచ్చింది. ఫైలు దారి వెడల్పు చేస్తుంది, ఆ నీళ్ళు క్రిముల్ని చంపుతాయి. ఒకటి లేనిదే రెండోది చాలదు.

ఫైలు ఎలా చేస్తారు?

ఫైలు అంటే మన కాగితాల కట్ట కాదు. కమ్మరి, కంసాలి వాడే ఆకురాయి. కె ఫైలు తయారీ కంసాలి పనిని గుర్తుకు తెస్తుంది. కంసాలి కమ్మచ్చులో బంగారు తీగ లాగినట్టు, ముందు ఉక్కు తీగను సన్నగా లాగుతారు. దాన్ని నాలుగు పలకలుగా, కొసకు వెళ్ళేకొద్దీ సన్నబడేలా సాన పడతారు. ఒక కొస గట్టిగా పట్టి రెండో కొసను మెలితిప్పుతారు. పలకల అంచులే మరచుట్లలాగా తిరిగి, గీకే పళ్ళవుతాయి. చుట్లు దగ్గరగా ఉంటే ఫైలు, దూరంగా ఉంటే రీమరు. రీమరుకు తరచు మూడు పలకల తీగ తీసుకుంటారు. హెడ్‌స్ట్రామ్ ఫైలు అని ఇంకొకటి ఉంది. దాన్ని మెలితిప్పరు, గుండ్రని తీగలో గాడులు కోస్తారు. అది బాగా గీకుతుంది, కాని లోపల తిప్పితే విరిగే ప్రమాదం ఎక్కువ. మొదట్లో వాడిన మామూలు ఉక్కు తుప్పు పట్టేది. తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది. దాన్ని ప్రెషరు కుక్కరులాంటి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో ఎన్నిసార్లు పెట్టినా తుప్పు భయం తక్కువ.

మా డాక్టరమ్మ దగ్గరున్న స్టీలు ఫైళ్ళ డబ్బా మీద “మణి” అనే పేరు చూసి మన తమిళ సోదరుల కంపెనీ కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే అది జపానుది! 1956లో మొదలై, కుట్లు వేసే సూదులు చేస్తూ ఎదిగిన కంపెనీ. గడియారాలవాళ్ళు, సూదులవాళ్ళు ఈ పనిలోకి రావడంలో వింత లేదు. సన్నని ఉక్కుతో కాపురం చేసినవాళ్ళే దీన్ని చేయగలరు.

నంబర్ల గందరగోళం

గుమాస్తాగా నాకు అన్నిటికంటే నచ్చిన అధ్యాయం ఇది. 1950ల దాకా ఫైళ్ళకు 1 నుంచి నంబర్లు వేసేవారు. కాని ఒక కంపెనీ 3వ నంబరు ఇంకో కంపెనీ 3వ నంబరుతో సరిపోయేది కాదు. ఫైలు ఒక సైజు, తర్వాత నింపే గట్టాపర్చా పుల్ల ఇంకో సైజు. మన శాఖలో జీతాల బిల్లు శ్రీకాకుళంలోనైనా ఆదిలాబాదులోనైనా ఎ.పి.టి.సి. 47వ ఫారంలోనే ఉండేది కదా. జిల్లాకొక ఫారం ఉంటే ఎలా ఉండేదో ఊహించండి!

దీనికి దారి చూపినవాడు అమెరికన్ దంతవైద్యుడు జాన్ ఇంగిల్. ఆయన, లెవీన్ కలిసి 1958లో ఫిలడెల్ఫియా సమావేశంలో ఒక పద్ధతి ప్రతిపాదించారు. ఫైలు నంబరు అంటే దాని కొస మందం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. 25వ నంబరు అంటే కొస 0.25 మిల్లీమీటరు. గీకే భాగం 16 మిల్లీమీటర్లు. ప్రతి మిల్లీమీటరుకు మందం 0.02 పెరుగుతుంది. అంటే పైకి వచ్చేసరికి 0.25కు 0.32 కలిసి 0.57 అవుతుంది. లెక్క తేలిక, అనుమానం లేదు. పిడులకు రంగులు కూడా నిర్ణయించారు. 15 తెలుపు, 20 పసుపు, 25 ఎరుపు, 30 నీలం, 35 ఆకుపచ్చ, 40 నలుపు. 45 నుంచి మళ్ళీ అదే వరుస. అన్నిటికంటే సన్నని 6వ నంబరు మన తలవెంట్రుకంత. అమెరికాలో 1976లో ఇది అధికారిక ప్రమాణమైంది. తర్వాత అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. ఈ రోజు జపాను ఫైలుతో పనిచేసి ఇంకో దేశపు పుల్లతో నింపినా సరిపోతున్నదంటే ఆ పుణ్యమే.

పొడవు కొలవడంలో జపాను వారిదే మరో మేలు. 1962లో సునాడా అనే శాస్త్రజ్ఞుడు, వేరు కొసకు చేరిన ఫైలుకూ నోటి చర్మానికీ మధ్య విద్యుత్ నిరోధం ఎవరిలోనైనా ఇంచుమించు ఒకటేనని చూపాడు. నా పెదవికి కొక్కెం తగిలించి, “కుయ్ కుయ్” మన్న యంత్రం ఆ సూత్రం నుంచి పుట్టినదే.

నౌకాదళం లోహం

స్టీలు ఫైలుతో ఒక చిక్కు ఉంది. సన్నగా ఉన్నంతవరకు వంగుతుంది. లావైతే తిన్నగా పోవాలని చూస్తుంది. వంకర దారిలో అది పక్క గోడను తినేస్తుంది, ఒక్కోసారి బయటికి చిల్లు పెడుతుంది.

దీనికి జవాబు అమెరికా నౌకాదళ ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడ విలియం బ్యూలర్ 1959 ప్రాంతంలో నికెల్, టైటానియం కలిపిన మిశ్రలోహం మీద పనిచేశాడు. దానికి నిటినాల్ అని పేరు పెట్టారు. 1961లో ఒక సమావేశంలో దాని రేకును మడతలు పెట్టి అందరికీ చూపుతుంటే, అధికారి ఒకరు తన చుట్ట పైపు వెలిగించుకునే లైటరు దగ్గర పెట్టారు. రేకు దానంతటదే మడతలు విప్పుకుని సాగింది! ఆ లోహం తన పాత ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుంది. దాదాపు 8 శాతం సాగదీసినా తిరిగి మామూలు స్థితికి వస్తుంది. స్టీలు ఒక శాతం కూడా ఓర్చుకోదు. 1970లలో పళ్ళ వరస సరిచేసే తీగలకు దాన్ని వాడారు. 1988లో హర్మీత్ వాలియా, ఆయన సహచరులు ఆ తీగనే తీసుకుని 15వ నంబరు ఫైలు చేయించి, అది స్టీలు కంటే రెండు మూడు రెట్లు తేలికగా వంగుతుందని ప్రకటించారు. 1990లలో మోటారుతో తిరిగే ఫైళ్ళు వచ్చాయి. ఈ లోహాన్ని మెలితిప్పితే వెనక్కి తిరుగుతుంది కాబట్టి మామూలుగా సానపట్టే గాడులు కోస్తారు.

మరి ఎందుకు విరిగింది?

ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ వంచుతూ పోతే కాసేపటికి తెగుతుంది. వంకర దారిలో తిరిగే ఫైలుకూ అదే గతి. ప్రతి చుట్టులోనూ ఒక పక్క సాగుతుంది, ఒక పక్క నొక్కుకుంటుంది. మోటారు నిమిషానికి మూడు వందల చుట్లు తిప్పితే అన్నిసార్లూ వంచినట్టే. లేదా కొస ఎక్కడో పట్టుకుపోయి, వెనుక భాగం తిరుగుతూ ఉంటే మెలిపడి తెగుతుంది. స్టీలు ఫైలు విరగబోయే ముందు చుట్లు విప్పుకుని కంటికి హెచ్చరిక ఇస్తుంది. నికెల్ టైటానియం చాలాసార్లు ఏ సూచనా ఇవ్వదు. అందుకే ఇన్ని వాడకాల తర్వాత, బాగున్నట్టు కనిపించినా పారవేయాలంటారు. జాగ్రత్తపడ్డా ఒక్కోసారి విరుగుతుంది. ముక్క ఉండిపోవడం ఒక్కటే పంటికి చేటు కాదు. దాని కింద క్రిములు మిగిలాయా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మా డాక్టరమ్మ సన్నని స్టీలు ఫైలుతో ముక్క పక్కనుంచి దారి చేసి, కడిగి, నింపింది. ఆ అదనపు రోజులకు డబ్బు తీసుకోలేదు. ఆరు నెలలకు, సంవత్సరానికి తీసిన ఎక్స్‌రేల్లో వేరు కొసన ఉన్న నల్లని నీడ తగ్గింది. ఇప్పుడు ఆ పంటితోనే జంతికలు నములుతున్నాను. నోటీసు మాట మావాడు మళ్ళీ ఎత్తలేదు.

కాని నన్ను కదిలించింది ఫైలు కాదు, ఆ అమ్మాయి నోటి మాట. ఆమె చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. 1984లో నేను ఒక కుటుంబ పెన్షను లెక్కలో తప్పు చేశాను. గమనించి కూడా పై అధికారికి చెప్పడానికి పదకొండు రోజులు జంకాను. ఆ రోజుల్లో ఆ తల్లి రెండుసార్లు కౌంటరు దగ్గరకు వచ్చి, తక్కువ పడిందేమో చూడమని అడిగి వెళ్ళింది. చివరకు చెప్పాను, సరిచేశారు, ఆమెకు రావలసింది వచ్చింది. అయినా ఆ పదకొండు రోజులు ఇప్పటికీ గుచ్చుతాయి. ఆ పిల్ల అయిదు నిమిషాల్లో చెప్పేసింది.

మన దేశంలో మొదటి దంతవైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించారు. దంతవైద్యుల చట్టం 1948లో వచ్చింది. హైదరాబాదు ప్రభుత్వ దంత కళాశాల 1959లో మొదలైంది. మా అమ్మకు యాభై ఏళ్ళకే నోట్లో పన్ను లేదు. లవంగ నూనె, ఆ తర్వాత పటకారు, ఆమెకు తెలిసిన వైద్యం అంతే. అప్పటికి మేనార్డు స్ప్రింగు అరగదీసి నూరేళ్ళు దాటింది. విద్య మన ఊరిదాకా రావడానికి అంత కాలం పట్టింది. వచ్చాక కూడా “ఈ వయసులో ఎందుకు” అని వదులుకోవడం తెలివైన పని కాదు. నిలబడే పన్నును నిలుపుకోండి. ఎంత ఖర్చవుతుంది, ఎన్నిసార్లు రావాలి, ఫైళ్ళు ఎలా శుద్ధి చేస్తారు అని మొహమాటం లేకుండా అడగండి. అడిగితే చెప్పే డాక్టరు దొరికితే వదలకండి.

ఆ రెండు ఫైళ్ళూ హోమియో మాత్రల గొట్టంలో పెట్టి నా బీరువాలో ఉంచాను. సంఘం సమావేశానికి వచ్చినప్పుడు తెస్తాను. వంచి చూడదలచినవారు చూడవచ్చు.

సెలవు.